మా ఇంటి గోడ మీద 1984

నాకు పంతొమ్మిదేళ్లు. తెనాలిలో డిగ్రీ చదువుతున్నాను. ఈ దేశంలో పుట్టినందుకు ఛాతీ ఉబ్బడమూ, ఇదే దేశాన్ని తలుచుకుని తలెక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడమూ రెండూ ఒకే ఏడాదిలో చూశాను. అది 1984.

మొదలు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ రష్యావాళ్ల సోయజ్‌లో అంతరిక్షానికి వెళ్లి దాదాపు ఎనిమిది రోజులు ఉండి వచ్చాడు. పైనుంచి మన దేశం ఎలా కనిపిస్తోందని ఇందిరాగాంధీ అడగడం, ఆయన ‘సారే జహాఁ సే అచ్ఛా’ అనడం మేం రేడియోలో విన్నాం, పేపర్లో చదివాం. మా ఊళ్లో అప్పటికి టీవీ లేదు. హిందీ మాస్టారు టీ కొట్టు దగ్గర నిలబడి దాని అర్థం విడమరిచి చెప్పాడు. హిందీ ముక్క రాని మా ఊరు ఆ వారమంతా ఆ నాలుగు మాటల్నీ ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు అనుకుంటూ తిరిగింది. మే నెలలో బచేంద్రి పాల్ ఎవరెస్టు ఎక్కింది. మన దేశం నుంచి ఎక్కిన మొదటి ఆడమనిషి. “చీర కట్టుకునే ఎక్కిందా?” అని మా అమ్మ సందేహం.

ఆగస్టు మొదట్లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్. 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. నూరో వంతంటే ఎంతో చూద్దామని మా ఫిజిక్స్ ల్యాబ్‌లో స్టాప్‌వాచ్ తీస్తే, దానికి పదో వంతు వరకే కొలత. మా ల్యాబ్ కొలవలేని తేడాతో ఓడిపోయిందన్న మాట. ఆ ఓటమికి ఎంత గర్వపడ్డామో గెలిచి ఉంటే అంత పడేవాళ్లం కాదేమో.

నడుమ జూన్‌లో అమృత్‌సర్‌లో సిక్కుల స్వర్ణ దేవాలయంలోకి, అక్కడ దాక్కున్న మిలిటెంట్ల కోసం సైన్యం వెళ్లింది. నిజం చెప్పాలంటే మాకది అంతగా ఎక్కలేదు. పంజాబంటే మాకు గోధుమలు, హాకీ, లారీలు. ఎక్కడో దూరం.

మా నాన్న సమితి స్కూల్లో హెడ్మాస్టరు. ఆయనకు ఆగస్టు 15 అంటే పెళ్లి టెన్షన్. జెండా విప్పుకోకపోతే ఎట్లా అన్నదొక్కటే భయం. ఖాదీ జెండాని ట్రంకుపెట్టెలో నాఫ్తలీన్ ఉండలేసి దాచేవాడు. ముందు రోజు సాయంత్రం వసారాలో కూర్చుని, బంతిపూల రేకులు లోపల పోసి మడతపెట్టడం, పైన లాగితే విడిపోయే ముడి వెయ్యడం, లాగి చూడటం. ఈ ప్రాక్టీసుకి జెండా వాడేవాడు కాదు, తువ్వాలు వాడేవాడు. జెండాతో ఆటలేంటి అనేవాడు. వాన పడితే తాడు తడిసి ముడి బిగుసుకుంటుందని సరుగుడు కర్రకి పైన ఒక కప్పీ కూడా పెట్టించాడు. ఆ ఏడాది ముడి ఒక్క లాగుకి విడిపోయింది. రేకులు రాలాయి. పిల్లలకి నిమ్మతొనల బిళ్లలు పంచారు. నాన్న ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు, ఆగస్టు 16న, ఇందిరాగాంధీ ప్రభుత్వం పంపిన గవర్నరు రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తీసేశాడు.

రామారావు అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని అప్పుడే తిరిగొచ్చి ఉన్నాడు. అసెంబ్లీలో బలం చూపిస్తానంటే గవర్నరు వినలేదు. ఆ స్థానంలో నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించి, బలం నిరూపించుకోవడానికి ఆయనకి మాత్రం నెల రోజులు గడువిచ్చారు. భాస్కరరావు మా పక్కనే వేమూరు నుంచి గెలిచిన మనిషి. మామూలుగా అయితే మా వైపువాడు ముఖ్యమంత్రి అయ్యాడంటే తెనాలిలో టపాసులు పేలాలి. ఒక్కటి పేలలేదు. బస్సులు ఆగిపోయాయి, కొట్లు మూసేశారు, కాలవగట్టు రోడ్డు మీద తుమ్మచెట్లు కొట్టి అడ్డంగా పడేశారు. రాష్ట్రంలో చాలా చోట్ల గొడవలు. కాల్పుల్లో మనుషులు కూడా పోయారు.

మా నాన్న కాంగ్రెస్ మనిషని ఊరందరికీ తెలుసు. మా ముందు గదిలో గోడకి ఇందిరాగాంధీ ఫొటో ఉండేది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం గెలిచాక ఎవరో వేసిన క్యాలెండర్ బొమ్మకి నాన్న తెనాలిలో ఫ్రేము కట్టించాడు. ఎమర్జెన్సీలో కూడా అది దిగలేదు. దేశమంతా కాంగ్రెస్‌ని ఓడించిన 1977లో మన రాష్ట్రం 42 సీట్లకి 41 ఆవిడ చేతిలోనే పెట్టింది కదా, మా గోడ అందుకు మినహాయింపేమీ కాదు. రామారావు పార్టీ పెట్టినప్పుడు వేషాలేసుకునేవాళ్లకి రాజ్యమా అని నవ్విన జాబితాలో నాన్న కూడా ఉన్నాడు.

ఆ రోజు రేడియో కట్టేసి, వసారాలో కూర్చున్న నలుగురితో నాన్న అన్న మాట నాకింకా చెవిలో ఉంది. “నేను సైకిలుకి వెయ్యలేదనే అనుకోండి. వేసినవాళ్ల ఓటు తుడిచెయ్యడానికి ఈయనెవరు?” వాళ్లు వెళ్లాక స్టూలు వేసుకుని ఫొటో దించి అటక మీద, మొహం గోడ వైపు తిప్పి పెట్టాడు. సున్నం గోడ మీద ఫొటో ఉన్నంత మేరా తెల్లగా, చుట్టూ మసకగా కనిపించేది. అమ్మ రెండు రోజులు చూసి, ఆ మేకుకి పంచాంగం క్యాలెండర్ తగిలించింది.

గవర్నమెంటు ఉద్యోగి, ఊరేగింపుల్లో తిరగలేడు. కానీ స్కూలు బోర్డు మీద ‘నేటి సూక్తి’ రాసే చోటు ఆయనదే. అక్కడ రాజ్యాంగం 164వ అధికరణంలో రెండో క్లాజు రాశాడు: మంత్రిమండలి రాష్ట్ర శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. రోజూ మారాల్సిన సూక్తి నెల రోజులు మారలేదు. సుద్ద మాసిపోతే మళ్లీ దిద్దేవాడు. తనిఖీకి వచ్చిన పెద్దాయన బోర్డు వైపు చూసి, “ఏంటి మాస్టారూ ఇది?” అంటే, “సూక్తేనండీ. పిల్లలకి పనికొస్తుందని” అన్నాడట. ఆయన ఇంకేం అడగలేదు, టీ తాగి వెళ్లిపోయాడు.

ఇంకో పక్క ఎమ్మెల్యేల సంగతి. ఎవరు కొనేస్తారోనని వాళ్లని హైదరాబాద్‌లో రామారావు స్టూడియోలో, ఆ తర్వాత కర్ణాటకలో, గంప కింద కోళ్లని కప్పెట్టినట్టు దాచారు. 160 మందికి పైగా ఎమ్మెల్యేల్ని ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. రామారావు చక్రాల కుర్చీలో ఉన్న ఫొటో పేపర్లో వచ్చింది. నాకు ఆ ఫొటో చూస్తే ఏకకాలంలో పౌరుషమూ వచ్చేది, చిన్నతనమూ అనిపించేది. ఎన్నుకున్నవాళ్లని లెక్కపెట్టి చూపించుకోవాల్సి వచ్చిందే అని. వాళ్లని దాచకపోతే నిలబడరనే నమ్మకం మాకందరికీ ఉండటమే అసలు దరిద్రం. దాన్ని గురించి అప్పుడెవరూ మాట్లాడలేదు.

రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చాడు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. ఢిల్లీ ఒక రాష్ట్రం ముందు వెనక్కి తగ్గడం అంతకు ముందు మేమెరగం. ఆ రాత్రి తెనాలిలో పేలని టపాసు లేదు. మర్నాడు సోమవారం నాన్న బోర్డు మీద 164వ అధికరణం తుడిపేసి, ‘వారానికొకసారి గోళ్లు కత్తిరించుకోవాలి’ అని రాశాడు.

ఫొటో మాత్రం అటక మీదే ఉంది.

అక్టోబరు 31 బుధవారం. పొద్దున్నుంచీ రేడియోలో పాటలు ఆగిపోయి విషాద సంగీతం మొదలైంది. ఇందిరాగాంధీని కాల్చారని తెలుసు, చనిపోయిందని చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. నాన్న ఎవరితో ఏమీ అనలేదు. తనే స్టూలు వేసుకుని అటక మీంచి ఫొటో తీశాడు. దుమ్ముని పంచె చెంగుతో తుడిచాడు. పంచాంగం తీసి పక్కన పెట్టి అదే మేకుకి ఫొటో తగిలించాడు. “ఎక్కడన్నా చేమంతులుంటే చూడు” అన్నాడు అమ్మతో. నాకు కోపం వచ్చింది. ఆగస్టులో అంత చేసిన మనిషికి పూలదండా అని. నాన్నతో అంటే, “ఓడించాలి గానీ చంపకూడదురా” అన్నాడు, నా వైపు చూడకుండా.

మా మామయ్య లారీ నడిపేవాడు. దుగ్గిరాల యార్డు నుంచి పసుపు ఎత్తుకుని ఢిల్లీ పోయేవాడు. ఆ నెలాఖరున దారిలోనే ఉన్నాడు. ఫోనా, కబురా. అత్తయ్య మా ఇంట్లోనే ఉండిపోయింది. మామయ్య రావలసిన రోజుకి చాలా ఆలస్యంగా వచ్చాడు. వచ్చి స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

మథుర దాటాక ఒక ధాబా దగ్గర లారీలన్నీ బారుగా ఆపేశారట. మామయ్య క్లీనరు మా పక్క ఊరి కుర్రాడు. తిరుపతి మొక్కుందని ఏడాదిగా జుట్టూ గడ్డమూ పెంచుతున్నాడు. అక్కడ చలి మొదలైంది కదా, తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు. అంతే. ఇందిరని చంపింది ఆవిడ సిక్కు గార్డులేనని సిక్కుల్ని వెతుక్కుంటూ తిరుగుతున్న గుంపొకటి వచ్చి వాణ్ని క్యాబిన్లోంచి కిందికి లాగింది. ఒకడి చేతిలో ఇనప కడ్డీ, ఇంకొకడి దగ్గర కిరసనాయిలు డబ్బా. కడియం ఉందేమోనని చొక్కా చేతులు పైకి మడిచి చూశారట. వాడికి హిందీ రాదు, ఏడవడం తప్ప. మామయ్య క్యాబిన్లో ఉన్న వెంకటేశ్వరస్వామి పటం పీకి రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, “తిరుపతి, బాలాజీ, మద్రాసీ” అని అరిచాడట. “మనల్ని మద్రాసీలంటే ఎంతమందితో కొట్లాడానో నీకు తెలుసు గదా బావా. ఆ రోజు నా నోటితో నేనే అన్నాను” అన్నాడు నాన్నతో.

వదిలేశారు. పటానికి దణ్ణం కూడా పెట్టుకున్నారట వాళ్లలో ఒకరిద్దరు. పెట్టుకుని ముందు లారీ వైపు వెళ్లారు. అది పంజాబ్ లారీ.

“ఆ డ్రైవరు?” అన్నాడు నాన్న.

“తెలీదు బావా. ధాబా వాడు మమ్మల్ని లోపలికి నెట్టి తలుపేశాడు. వాసన మాత్రం వచ్చింది.”

ధాబా వాడే బ్లేడు తెచ్చిచ్చి ఆ గడ్డమూ జుట్టూ తీయించెయ్యమన్నాడట. కుర్రాడు వణుకుతూ కూడా ఒప్పుకోలేదు. స్వామిది, నాది కాదన్నాడు. తిరుగు ప్రయాణమంతా వాణ్ని ఖాళీ బస్తాల కింద పడుకోబెట్టి తీసుకొచ్చాడు మామయ్య. సంక్రాంతి లోపు తిరుపతి వెళ్లి మొక్కు తీర్చుకున్నాడు వాడు.

బెజవాడ ఆటోనగర్‌లో మామయ్య స్పేర్ పార్టులు కొనే సర్దార్జీ ఒకాయన ఉండేవాడు. బెజవాడ తెలుగు మనకన్నా గట్టిగా మాట్లాడేవాడు. ఆ కొట్టు మెట్లెక్కడానికి మామయ్యకి చాలా రోజులు పట్టింది. బ్రేకు లైనర్లు ఇచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని, “ఢిల్లీ లైనే గదా నువ్వు, ఎప్పుడొచ్చావ్?” అని అడిగాడట సర్దార్జీ. మామయ్య చెప్పకుండానే వచ్చేశాడు.

ఢిల్లీలోనే 2,700 మందికి పైగా చనిపోయారని తర్వాత ప్రభుత్వమే ఒప్పుకుంది. అప్పుడు మాకు అంకెలు తెలియవు, మామయ్య చెప్పిన ఒక్క లారీ తెలుసు. నవంబరు 19న ఇందిర పుట్టినరోజు సభలో, మహావృక్షం కూలితే చుట్టూ నేల కాస్త కంపిస్తుందని రాజీవ్ గాంధీ అన్న మాట పేపర్లో వచ్చింది. నాన్న ఆ పేజీ రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి మడిచి, ఫొటో వైపు చూశాడు. మళ్లీ దించుతాడనుకున్నాను. దించలేదు. దండ వాడిపోతే మాత్రం ఇంకోటి వెయ్యమని అమ్మకి చెప్పలేదు.

డిసెంబరు రెండో తారీఖు రాత్రి భోపాల్. యూనియన్ కార్బైడ్ గ్యాస్. ఆ కంపెనీ పెద్ద ఆండర్సన్ ఏడో తారీఖున భోపాల్ వచ్చాడు, అరెస్టు చేశారు, ఆ రోజే బెయిలిచ్చి ప్రభుత్వ విమానంలో ఢిల్లీ పంపేశారు. దీని మీద నేను ఎక్కువ రాయలేను. నలభై ఏళ్లయినా ఒళ్లు మండుతుంది. ఆ రాత్రి భోపాల్ స్టేషన్లో డ్యూటీలో ఉన్న గులాం దస్తగీర్ అనే రైల్వే ఉద్యోగి సంగతి మాత్రం చాలా ఏళ్ల తర్వాత చదివాను. ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న రైలుని టైము కాకుండానే, పైవాళ్ల ఆర్డరు కోసం చూడకుండా ముందుకి పంపేశాడు. అటూ ఇటూ స్టేషన్లకి రైళ్లు ఆపమని కబుర్లు పెట్టాడు. ఆ గ్యాస్‌కి ఆయన ఆరోగ్యం పాడైంది. ఆండర్సన్‌ని విమానం ఎక్కించిన దేశమే ఆయనదీనూ. నా కోపం ఎవరి మీదో, గౌరవం ఎవరి మీదో అప్పట్నుంచీ విడివిడిగానే ఉంచుకుంటున్నాను. ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ప్రభుత్వాన్ని ఒక మాటంటే దేశద్రోహి, ఇస్రో రాకెట్ ఎగిరితే సంతోషించినవాడు భజనపరుడు. మా నాన్న గోడ చూసి పెరిగినవాణ్ని, నాకు ఈ లెక్క ఎక్కదు.

ఆ డిసెంబరు నెలాఖరున లోక్‌సభ ఎన్నికలు. దేశమంతా సానుభూతి గాలి, కాంగ్రెస్‌కి 400 దాటాయి. మన రాష్ట్రంలో మాత్రం తెలుగుదేశం 30 గెలిచింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. హనుమకొండలో పి.వి. నరసింహారావే ఓడిపోయాడు, మహారాష్ట్రలో రాంటెక్ నుంచి గెలిచి బయటపడ్డాడు గానీ. ఓటుకి అప్పుడు 21 ఏళ్లుండాలి, నాకు లేదు. నాన్న పోలింగ్ డ్యూటీ చేసి తెల్లారి ఇంటికొచ్చాడు. క్యూల్లో కన్నీళ్లు పెట్టుకున్న ముసలమ్మలు ఉన్నారట. బ్యాలెట్ పెట్టె దగ్గర ఏ గుర్తుకి పడుతున్నాయో చూడకూడదు కాబట్టి చూడలేదన్నాడు. తను ఎవరికి వేశాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకి కూడా. ఫొటో గోడ మీద ఉంది కాబట్టి కాంగ్రెస్‌కే అని అమ్మ నమ్మకం. వాడిన దండ మార్చలేదు కాబట్టి కాదని నా నమ్మకం.

1985 జనవరి చివర్లో పార్టీ ఫిరాయింపుల నిషేధ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. రాజ్యాంగానికి 52వ సవరణ. తెచ్చింది రాజీవ్ గాంధీ ప్రభుత్వమే. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆగస్టులో మనం పడ్డ పాట్లు ఊరికే పోలేదన్నాడు. పోస్టుమాస్టరు గారు పేపరంతా చదివి, “మాస్టారూ, మూడో వంతు మంది కలిసి దూకితే తప్పు లేదంట, చీలికంట” అన్నాడు. నాన్న పేపరు లాక్కుని చదివి, ఆ రోజు మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. ఆ మూడో వంతు వెసులుబాటు 2003లో గానీ పోలేదు. మూడింట రెండొంతుల మంది విలీనమైతే చాలన్నది ఇప్పటికీ ఉంది. స్పీకరు దగ్గర పిటిషన్లు నానుతూనే ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో 2014 తర్వాత ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. అయితే 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, బలం తేలాల్సింది సభలోనే గానీ గవర్నరు గారి మనసులో కాదని తీర్పిచ్చింది. అప్పటికి నాన్న రిటైరయ్యాడు. బోర్డు లేదు. ఉంటే రాసేవాడు.

నా మొదటి పెద్ద ఓటు 1989 నవంబరులో. అప్పటికి నాకు బ్యాంకులో ఉద్యోగం, రామారావు మీద మోజు తీరిపోయింది, బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల గొడవతో రాజీవ్ మీద అసలే లేదు. వెయ్యనన్నాను. నాన్న వాదించలేదు. ముందు రోజు రాత్రి వసారాలో రెండు కాగితాలు తెచ్చి, ఒకటి పార్లమెంటుకి తెల్లది, ఒకటి అసెంబ్లీకి గులాబీ రంగుది అని చెప్పి, మడవడం నేర్పించాడు. ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాత అడ్డంగా. తిరగేసి మడిస్తే ముద్ర సిరా తడి పక్క గుర్తుకి అంటుకుంటుంది, లెక్కింపులో ఎన్నో ఓట్లు అట్లా చెల్లకుండా పోతాయి, నేను కళ్లారా చూశానన్నాడు. నాలుగుసార్లు మడిపించాడు. ఐదోసారి నేనే సరిగ్గా మడిచాను.

పొద్దున్నే కలిసి వెళ్లాం. స్కూలు ఆయనదే, పోలింగ్ ఆ స్కూల్లోనే. వేసి బయటికొచ్చాక, “ఎవరికేశారు నాన్నా?” అన్నాను.

“అడక్కూడదు. చట్టం” అన్నాడు. అని, ఇంటి గుమ్మం దాకా ఒక్క పార్టీని కూడా వదలకుండా తిట్టుకుంటూ వచ్చాడు.